విశ్రాంతి కోసమే లగ్జరీ ట్రిప్: బుకింగ్‌కి ముందు హోటల్‌ని ఏం అడగాలి?

ప్రశ్న: నాలుగు రాత్రుల ట్రిప్. తిరగడాలేం లేవు, నిద్రా విశ్రాంతే. తూర్పు వైపు ప్రయాణం, ఆరు గంటల తేడా. ‘స్లీప్ ప్యాకేజీ’ అంటూ దిండ్ల మెనూ (నచ్చిన దిండు ఎంచుకునే జాబితా), లావెండర్ స్ప్రే, ఐస్ బాత్ (మంచు నీళ్ళ స్నానం) చూపిస్తున్నారు. వీటిలో డబ్బు పెట్టదగ్గవేవి?

జవాబు 1: దిండ్ల మెనూ ఆఖర్న చూడండి. ముందు గది ఎక్కడుందో అడగండి. లిఫ్ట్, ఐస్ మెషీన్ పక్కన వద్దు. పక్క గదిలోకి తలుపుండే కనెక్టింగ్ రూమ్ అసలే వద్దు. గోడ ఆపినంత శబ్దాన్ని మధ్య తలుపు ఆపలేదు.

ఏసీకి మోషన్ సెన్సర్ ఉందా అని తప్పకుండా అడగండి. కరెంటు ఆదాకి పెట్టే ఆ సెన్సర్, కదలిక లేకపోతే గది ఖాళీ అనుకుంటుంది. మీరు గాఢనిద్రలో ఉండగా ఏసీ తగ్గించేస్తుంది, రాత్రి రెండు గంటలకి చెమటతో మెలకువ. రాత్రికి దాన్ని ఆపించి 18–19 డిగ్రీల దగ్గర పెట్టించుకోండి.

కర్టెన్లు బ్లాకవుటే అయినా నడిమధ్య సందులోంచి తెల్లారగానే వెలుతురు మొహమ్మీదే పడుతుంది. అల్మారాలో ప్యాంట్లు తగిలించే క్లిప్ హ్యాంగర్ ఉంటుంది, దాంతో రెండంచులూ కలిపి బిగించండి. తలుపు కింద టవల్ చుట్టి పెట్టండి. టీవీ లైటుకి నల్ల టేపు అంటించొచ్చు, స్మోక్ డిటెక్టర్‌కి మాత్రం వద్దు.

జవాబు 2: మొదటి రాత్రి మీద ఆశ పెట్టుకోకండి. కొత్త చోట మెదడులో ఒక సగం సరిగ్గా నిద్రపోకుండా కాపలా కాస్తుందని 2016లో బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు చూపించారు. రెండు రాత్రుల ప్యాకేజీ దండగనేది అందుకే.

తూర్పుకి ఆరు గంటలంటే మొదట్లో పొద్దుటి ఎండ కీడే చేస్తుంది. ఇంట్లో ఆరున్నరకి లేచేవాళ్ళ ఒంటి వేడి తెల్లవారుజామున నాలుగు ప్రాంతంలో అట్టడుగున ఉంటుంది. అక్కడ అది ఉదయం పది. అంతకు ముందే ఎండ తగిలితే ఒంటి గడియారం ఇంకా వెనక్కి పోతుంది. మొదటి రోజు పది దాకా నల్ల కళ్ళద్దాలు, ఆ తర్వాత రెండు గంటలు ఆరుబయట. ఆ పది గంటల హద్దుని రోజుకో గంట చొప్పున తగ్గించండి, రెండో రోజు తొమ్మిది, మూడో రోజు ఎనిమిది. ప్యాకేజీలో ‘సూర్యోదయ యోగా’ ఉంటే మొదటి రోజు మానేయండి!

జవాబు 3: ఐస్ బాత్ కంటే టబ్ ఉన్న గది మేలు. పడుకునే గంటన్నర ముందు 40–42 డిగ్రీల నీళ్ళలో పది నిమిషాలు చాలు. రక్తం చర్మానికి చేరి లోపలి వేడి బయటికి పోతుంది, నిద్ర తొందరగా పడుతుంది. సరిగ్గా పక్కెక్కే ముందు చేస్తే ఆ వేడి దిగడానికి టైముండదు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ఐస్ బాత్‌లో దిగకూడదు. దిగగానే ఊపిరి ఎగబీల్చి బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది.

ప్రశ్న: సెన్సర్ సంగతి రిసెప్షన్‌కి తెలుస్తుందాండీ?

జవాబు 1: తెలియకపోవచ్చండి. మెయింటెనెన్స్ వాళ్ళని కనుక్కుని మెయిల్ పెట్టమనండి. తేడా వస్తే చెక్‌ఇన్‌లో అది చూపించి గది మార్పించుకోవడం తేలిక.