ఆడోళ్ల టూర్ డి ఫ్రాన్స్ 2022లనే మొదలైందా, అంతకుముందు ఉండెనా?

హనుమకొండ_పెడల్:
అందరికి నమస్తే. మా చెల్లె రోజు పొద్దుగాల భద్రకాళి బండ్ దిక్కు సైకిల్ తొక్కుతది, ఈ మధ్య ఈ రేసు వీడియోలే చూస్తున్నది. మా గ్రూపుల ఒకాయన ఇది మొన్న 2022ల పెట్టిండ్రు అంటడు, ఇంకొకాయన ఎనభైలల్లనే ఉండె అంటడు. ఏది కరెక్టు? ఉంటే మధ్యల ఎందుకు ఆగింది? తెల్సినోళ్లు జర చెప్పుండ్రి.

కాజీపేట_గేర్:
తమ్మీ, ఇద్దరు చెప్పింది నిజమే. ఇంకా ముందు 1955ల ఫ్రాన్స్‌ల నార్మండీ దిక్కు 5 స్టేజీలు (స్టేజీ అంటె ఒక విడత రేసు, అన్నిటి టైం కూడితే ఎవరిది తక్కువుంటె వాళ్లే గెలుస్తరు) పెట్టిండ్రు, మిల్లీ రాబిన్సన్ గెలిచింది, మళ్ల ఏడు లేదు. 1984ల మగోళ్ల టూర్‌తోటే పెట్టిండ్రు, 18 స్టేజీలు, అవే రోడ్లు అవే కొండలు, దూరం మాత్రం బాగ తక్కువ, ముందుగాల ఆడోళ్లు ఫినిష్ చేస్తుండె, తర్వాత మగోళ్లు వస్తుండె. 36 మంది స్టార్ట్ చేస్తే 35 మంది పారిస్ దాక వచ్చిండ్రు! ఆడోళ్లతోని కాదు అన్నోళ్లకు గంతకంటే జవాబేం కావాలె. అమెరికా ఆమె మరియాన్ మార్టిన్ గెలిచింది. 1989 దాక నడిచింది, ఆఖరి మూడేండ్లు ఫ్రాన్స్ ఆమె జెనీ లోంగోనే గెలిచింది.

పరకాల_రోడ్డు:
అన్నా, తర్వాత కూడ పూర్తిగ ఆగలే. 1992 నుంచి వేరేటోళ్లు నడిపిండ్రు, ట్రేడ్‌మార్క్ గొడవల పేరు కూడ మార్చుకోవాల్సొచ్చింది, 2009కి 4 స్టేజీలకు పడిపోయి బందైంది. నా లెక్కల దెబ్బంతా టీవీ దగ్గరనే పడ్డది. రోడ్డు రేసుకు టికెట్ ఉండది కదా, ఎవరైనా పక్కన నిలబడి చూస్తరు, పైసలు రావాలంటే స్పాన్సరే దిక్కు, టీవీల కనబడకుంటె స్పాన్సర్ ఎందుకొస్తడు? 2013ల మరియాన్ వోస్, ఎమ్మా పూలీ అసొంటి పెద్ద రేసర్లు పిటిషన్ పెడితే లక్షకు దగ్గర సంతకాలొచ్చినయ్, దాంతోని 2014ల పారిస్‌ల ఒక్కరోజు రేసు ఇచ్చిండ్రు, వోసే గెలిచింది. అయినా 8 స్టేజీల రేసు రానీకె 2022 దాక పట్టింది. గంత ఆలస్యం అన్యాయమే.

ములుగు_అక్క:
తమ్ముడూ, మీ చెల్లెకు 2024 ఆఖరి స్టేజీ మొత్తం చూపెట్టు. డెమీ వోలరింగ్ ఎల్లో జెర్సీల (మొత్తం టైంల ముందున్నోళ్లు ఏసుకునేది) ఉండి 5వ స్టేజీ ఆఖర్ల కిందపడ్డది, జెర్సీ కాషా నివియాడోమాకు పోయింది. ఆఖరిదైన ఆల్ప్ ద్యుయేజ్ కొండ స్టేజీ పొద్దుగాల వోలరింగ్ కాషా కంటె 1 నిమిషం 15 సెకండ్లు వెనక ఉండె. కొండ మీద వోలరింగ్ గెలిచింది, 10 సెకండ్ల బోనస్ వచ్చింది (అంటె ఆమె టైంల 10 సెకండ్లు తీసేస్తరు), కాషా 61 సెకండ్ల వెనక లైన్ దాటింది. ఇగ 61కి 10 కూడి 75లకెల్లి తీసి చూడు, 4 సెకండ్లతోని కాషానే టూర్ గెలిచింది! కాషా సైకిల్ దిగి ఏడుస్తుంటె నాకు కూడ కండ్లల్ల నీళ్లొచ్చినయ్.

హనుమకొండ_పెడల్:
థాంక్స్ అక్కా, అన్నలకు కూడ. ఇయ్యాల్నే చూపెడ్త. 2025ల ఎవరు గెలిచిండ్రు?

కాజీపేట_గేర్:
పొలీన్ ఫెరాన్-ప్రెవో, 9 స్టేజీలు. లోంగో తర్వాత గెలిచిన ఫ్రాన్స్ ఆమె ఈమెనే. మాదలేన్ కొండ స్టేజీ కూడ చూపెట్టు, ఎల్లో జెర్సీ ఆడనే తీసుకున్నది.