జ్వరంతోనే నైట్ డ్యూటీకి వెళ్ళిపోయింది, ఎందుకలా?

ప్రశ్న (మర్రిపాలెం నుంచి)
మా ఆవిడ అరిలోవ వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. మొన్న సాయంత్రం 101 జ్వరం. డోలో వేసుకుని, రెండు మాస్కులు పెట్టుకుని నైట్‌కి వెళ్ళిపోయింది. వద్దంటే "మీకు తెలీదులెండి" అంది. లీవులేమో ఉన్నాయి. పిల్లాడికి ఒళ్ళు వెచ్చబడితేనే బడి మాన్పించే మనిషి! నర్సులెవరైనా ఉంటే చెప్పండి.

సిస్టర్, గాజువాక
అన్నయ్యా, లీవు కాగితం మీద ఉంటుంది. మేం రామని ఫోన్ చేస్తే బెడ్లు ఖాళీ అవవు కదా. పగలంతా చేసిన పిల్లనే రాత్రికీ ఉండమంటారు. నాకోసారి కళ్ళకలక వచ్చి మానేశాను. నా బదులు డబుల్ చేసిన అమ్మాయి ఏమీ అనలేదు, నవ్వింది కూడా. కానీ నాలుగు రోజులు నన్ను టీకి పిలవలేదు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాతి ఏడాది విరేచనాలు పట్టుకున్నాయి. డ్యూటీ రూంలో సెలైన్ ఎక్కించుకుని, చేతికి కాన్యులా ఉండగానే పేషెంట్లకి మందులిచ్చాను. తప్పే. విరేచనాలు ఆగాక కూడా 48 గంటలు వార్డుకి దూరంగా ఉండాలని తెలిసే చేశాను.

జనరల్ వార్డులో ఐదుగురికి ఒక నర్సు, పైగా సెలవుల కోసం 30 శాతం మంది అదనం అని నర్సింగ్ కౌన్సిల్ లెక్క. ఆ అదనపు మనుషుల్ని నేనింతవరకూ ఏ రోస్టర్‌లోనూ చూడలేదు. రాత్రి 18 మందికి నేనొక్కదాన్నే.

పెందుర్తి నుంచి
జీతం 21 వేల లోపైతే ఈఎస్ఐ ఉంటుందిగా? జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల వరకూ జీతంలో 70 శాతం ఇస్తారు.

సిస్టర్, గాజువాక
ఇస్తారు తమ్ముడూ, కానీ మామూలుగా మొదటి రెండు రోజులకి రాదు. మాకొచ్చేవి ఆ రెండు రోజుల జ్వరాలే.

ప్రశ్న అడిగినాయన
పొద్దున్న వచ్చి పడుకుంది, ఇవాళ ఆఫ్. లేచాక అడిగాను, నువ్వు వెళ్ళకపోతే ఎవరుండేవారని. పగలు డ్యూటీ చేసిన పిల్లేనట. ఆ పిల్లకి ఐదో నెల.