కోస్టర్ బస్సులో మేమిద్దరం ఔట్‌బ్యాక్‌కి: ఊడ్నదత్తా మట్టిదారా, స్టువర్ట్ హైవేనా?

దుమ్ముదారి (మెల్‌బోర్న్)
అందరికీ నమస్కారం. నాకు 59, మా ఆవిడకి 55. పిల్లలిద్దరూ ఉద్యోగాల్లో కుదురుకున్నారు. పోయిన నెల 1998 మోడల్ టయోటా కోస్టర్ కొన్నాం. ఒకప్పుడు స్కూలు బస్సు. సీట్లు పీకేసి వెనక మంచం, మధ్యలో గ్యాస్ పొయ్యి, సింకు, ఫ్రిజ్, పైన సోలార్ పలకలు, ఇవన్నీ ముందు ఓనరే పెట్టించాడు. నేను కొత్తగా చేయించింది పోపుల డబ్బాకి ఒక అర, దేవుడికి ఒక అర. జూన్ మొదటి వారంలో బయల్దేరి ఔట్‌బ్యాక్ (ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారి ప్రాంతం) దాటుకుంటూ పోర్ట్ అగస్టా, కూబర్ పీడీ, ఉలురు (ఆ పెద్ద ఎర్రరాతి కొండ), ఆలిస్ స్ప్రింగ్స్ మీదుగా డార్విన్. మొత్తం మూడు నెలలు.

ప్రశ్న ఒక్కటే. పోర్ట్ అగస్టా నుంచి తారు రోడ్డు మీదే స్టువర్ట్ హైవే పట్టుకుని పోవాలా? లేక మర్రీ నుంచి మార్లా దాకా ఊడ్నదత్తా ట్రాక్ మీద వెళ్లొచ్చా? దాదాపు 620 కి.మీ. మట్టిదారి. నా మనసంతా ట్రాక్ మీదే ఉంది. ఆలిస్ స్ప్రింగ్స్‌కి పోయే పాత ఘాన్ రైలుది, 1980లో మూసేసిన కట్ట ఆ దారి పక్కనే ఉంటుందట. మర్రీలో ఒంటెలు తోలినవాళ్లు కట్టుకున్న మసీదు ఉండేది. ఆ ఒంటెలవాళ్లని అఫ్ఘన్లు అన్నారు గానీ చాలామంది మన పాత బ్రిటిష్ ఇండియా నుంచి వచ్చినవాళ్లే. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

పాతకోస్టర్ (బ్రిస్బేన్)
వెళ్లండి సార్, ఆలోచించకండి. నేను 2019లో నా కోస్టర్‌తోనే ఆ ట్రాక్ మీద వెళ్లాను. ఫోర్ వీల్ డ్రైవ్ కాదు కదా అని అందరూ భయపెట్టారు. వాన లేనప్పుడు దాని అవసరమే లేదు. టైర్లలో గాలి తగ్గించాలి, యాభై అరవై దాటకూడదు, అంతే. మర్రీ నుంచి విలియం క్రీక్ 200 కి.మీ. చిల్లర, నాకు ఒక పగలంతా పట్టింది. దారంతా రేకు కప్పులా అలలు అలలుగా ఉంటుంది. బస్సు కన్నా ముందు మన పళ్లు ఊగుతాయి. విలియం క్రీక్ చేరేసరికి పై అర తలుపు ఊడి, ఆవకాయ సీసా పగిలి, బస్సు నేలంతా ఎర్రగా అయింది. బయట మట్టీ అదే రంగు. మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు లెండి. అయినా దారి మధ్యలో లేక్ ఐర్ సౌత్ అనే ఉప్పు సరస్సు పక్కన ఆపి టీ పెట్టుకున్నాం చూడండి, కనుచూపు మేర తెల్లటి ఉప్పు, మేమిద్దరం. అంతే.

వాన పడితే మాత్రం రోడ్డు మూసేస్తారు. మూసిన రోడ్డు ఎక్కితే ఫైన్ పడుతుంది. తెరిచేదాకా కూర్చోవాలి.

తూకంరాయి (సిడ్నీ)
ట్రాకా హైవేనా అన్నది తర్వాత. బస్సు ప్లేటు మీద జీవీఎం ఎంత? మనుషులు, నీళ్లు, డీజిల్, సామాను అన్నీ కలిపి ఎంత బరువు ఉండొచ్చో ఆ అంకె. కారు లైసెన్స్ 4.5 టన్నుల దాకే చెల్లుతుంది. సీట్లు పీకినంత మాత్రాన ప్లేటు మారదు.

దుమ్ముదారి
4,990 కిలోలు. 4.5 టన్నులు దాటిన బండికి కావాల్సిన లైట్ రిజిడ్ లైసెన్స్ బస్సు కొనకముందే తీసుకున్నానండీ. ఆ సంగతి అయిపోయింది. ట్రాక్ గురించి చెప్పండి.

ఈగలమోత
ట్రాక్ గురించి నేను చెప్తా. ఈగలు. మొహానికి వల కొనుక్కోండి, నోరు మూసుకుని తిరగండి.

పాతకోస్టర్
జూన్‌లో ఈగలు తక్కువేనయ్యా. ఊరికే భయపెట్టకు.

ఆలిస్_నర్సు (ఆలిస్ స్ప్రింగ్స్)
మేడమ్ గారు కూడా బస్సు నడుపుతారా అండీ?

తూకంరాయి
లైసెన్స్ ఉంటే సరిపోదు. ట్రాక్ మీదికి వెళ్లేవాడు బరువు పెంచుకుంటూ పోతాడు, అదీ నా బాధ. మామూలుగా ఒక స్టెప్నీ చాలు, అక్కడికి రెండు. నీళ్లు వంద లీటర్లు చాలు, అక్కడికి రెండొందలు, అంటే రెండొందల కిలోలు. పైగా డబ్బాల్లో డీజిల్, జాకీ, పార, ఇసుకలో చక్రం కింద వేసే పలకలు. మనవాళ్లయితే ఇరవై కిలోల బియ్యం బస్తా లేకుండా ఇల్లు కదలరు. బస్సు తూకం వేయించారా? వెయిబ్రిడ్జ్ చీటీ ఇక్కడ పెట్టండి, అప్పుడు మాట్లాడదాం.

పెర్త్_పోరడు
అన్నా, మీరు డార్విన్ దిక్కే గదా, పెర్త్ వైపు రారు గదా? వస్తే ఒక మాట. మేము నల్లార్బర్ ఎడారి మైదానం మీదుగా వచ్చినప్పుడు బోర్డర్ విలేజ్ చెక్‌పోస్ట్ కాడ పండ్లు, కూరగాయలు, తేనె అన్నీ తీసేసుకున్నరు. వాన్ ముందు దిష్టికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండ గూడ ఆడున్న ఆఫీసరు విప్పించిండు. ఇదేందని అడిగితే మా అమ్మ "రక్ష" అన్నది. ఆయన మర్యాదగనే డబ్బాల వేసిండు. ఆ తర్వాత బాలడోనియా దగ్గర 146 కి.మీ. ఒక్క వంపు లేని రోడ్డు మీద టైరు పేలింది. మా అమ్మ ఇప్పటికీ ఆ దండ సంగతే చెప్తది.

కొత్తగా_దిగాను
విమానంలో మూడు గంటల్లో ఉలురు కదా అన్నా? డీజిల్ ఖర్చుతో పోలిస్తే చీప్ కూడా.

పాతకోస్టర్
తమ్ముడూ, నువ్వు తిరుపతికి హెలికాప్టర్‌లో వెళ్లే రకంలా ఉన్నావు.

తూకంరాయి గారూ, మీకు దణ్ణం. మన తెలుగువాళ్లలో వెయ్యికి ఒక్కరు ఇలాంటి పని తలపెడతారు. మిగతావాళ్లంతా ఇల్లు, ఇంకో ఇల్లు, శనివారం గుడి, ఆదివారం పార్టీ. ఒకాయన ధైర్యం చేస్తుంటే చేతిలో తక్కెడ పట్టుకుని ఎదురొస్తారేంటి?

తూకంరాయి
తక్కెడ ఎందుకు పట్టుకున్నానో చెప్తాను. మా బావమరిది కారవాన్ (కారు వెనక తగిలించి లాగే ఇల్లు బండి) కొన్నాడు, సగం డబ్బు నాది. హైవే మీద గాలికి ఊగి బోల్తా పడింది. మనుషులకి ఏం కాలేదు. ఇన్సూరెన్స్ వాళ్లు తూకం వేయించి, ఉండాల్సిన దానికన్నా 180 కిలోలు ఎక్కువని క్లెయిమ్ కొట్టేశారు. 180 కిలోలు! ఏముంది అందులో అని చూస్తే ఒక గ్రైండరు, రెండు ప్రెషర్ కుక్కర్లు, పచ్చళ్ల జాడీలు, ఎవరికో ఇవ్వాల్సిన చీరలు. అప్పటి నుంచి ఎవరు బండి తీసినా అడుగుతున్నాను. తిట్టుకుంటే తిట్టుకోండి.

పాతకోస్టర్
అదీ సంగతి. మీ డబ్బు పోయింది కాబట్టి ఊళ్లోవాళ్లు బస్సులు ఎక్కకూడదు.

తూకంరాయి
మీ ఆవకాయ సీసా పగిలింది కాబట్టి ఊళ్లోవాళ్లంతా అదే దారిలో వెళ్లాలి. అంతేగా?

దుమ్ముదారి
అయ్యా, ఇద్దరూ ఆగండి. తూకం సంగతి నిజమే అనుకుందాం. గ్రైండర్ మా బస్సులోనూ ఉంది. మా ఆవిడ వంటింటిని వదిలి రాలేదు, ఏం చెయ్యను. నేను మాత్రం అవసరమైనవే పెట్టాను.

నర్సు మేడమ్, మీ ప్రశ్న ఇప్పుడే చూశాను. లేదండీ, ఆవిడకి పెద్ద బండి నడపడం ఇష్టం ఉండదు. మొత్తం నేనే.

ఆలిస్_నర్సు
అలాగైతే నాది కొంచెం పెద్ద ఉత్తరం, ఏమనుకోకండి. ఈ వైపు ఆస్పత్రుల్లో తొమ్మిదేళ్లు చేశాను. ఒక పెద్దాయన, భార్య, వెనక కారవాన్. దారిలో ఆయనకి గుండెల్లో నొప్పి. ఆవిడ కారు నడుపుతారు గానీ కారవాన్ తగిలించి ఎప్పుడూ నడపలేదు. విప్పడం కూడా తెలియదు. ఫోన్ సిగ్నల్ లేదు. రోడ్డు పక్కన నిలబడి చెయ్యి ఊపుతుంటే ఒక రోడ్ ట్రెయిన్ (వెనక రెండు మూడు ట్రెయిలర్లు తగిలించిన పెద్ద లారీ) డ్రైవర్ ఆపి, లారీవాళ్లు వాడే రేడియో 40వ ఛానల్‌లో కబురు పెట్టాడు. ఆయన బతికారు. కానీ ఆవిడ నాతో గుండె నొప్పి గురించి మాట్లాడలేదు. తాళాలు చేతిలో పెట్టుకుని నలభై నిమిషాలు నిలబడ్డానమ్మా అని అదే మాట.

గ్లెండాంబో నుంచి కూబర్ పీడీ దాకా 250 కి.మీ. మధ్యలో బంకు లేదు, ఊరు లేదు. అది తారు రోడ్డు, మీరు సులువు అనుకుంటున్న దారి. ట్రాక్ సంగతి మీరే ఊహించుకోండి. ఫ్లయింగ్ డాక్టర్ విమానం వస్తుంది, నిజమే. మీరు ఎక్కడున్నారో ఎవరో ఒకరు చెప్పాలి కదా. శాటిలైట్ బీకన్ (ఆపదలో నొక్కితే మీరెక్కడున్నారో కబురు పంపే పరికరం) కొనుక్కోండి, ఆవిడకి కూడా నొక్కడం నేర్పండి. ఇంతమంది జీవీఎం గురించి కొట్టుకున్నారు, ఒక్కరూ నేనడిగిన ప్రశ్న అడగలేదు.

పాతకోస్టర్
అలా ఆలోచిస్తే ఎవరూ గడప దాటరు మేడమ్.

ఆలిస్_నర్సు
మీ ఆవిడగారు రెండు రోజులు మాట్లాడలేదు అన్నారు. ఎందుకు మాట్లాడలేదో అడిగారా?

పాతకోస్టర్
ఆవకాయ పోయిందని.

ఈగలమోత
పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా.

దుమ్ముదారి_ఇల్లు
నమస్తే. నేను ఈ బస్సు ఆయన భార్యని. మా అబ్బాయి లింకు పంపితే మొత్తం చదివాను.

నాకు నడపడం ఇష్టం లేదని నేనెప్పుడు అన్నాను? ఈ ఊళ్లో ఇరవై ఏళ్లుగా పిల్లల్ని స్కూలుకి, డ్యాన్స్ క్లాసుకి, క్రికెట్‌కి తిప్పింది నేనే. బస్సు కొన్న వారం, ఆదివారం ఖాళీ పార్కింగ్‌లో ఒక్కసారి తాళం ఇచ్చారు. రెండు రౌండ్లు తిప్పాను. రెండు రౌండ్లూ పక్కన కూర్చుని బ్రేకు, బ్రేకు, అద్దం చూడు అంటూనే ఉన్నారు. దిగిపోయాను. అది ఇష్టం లేకపోవడం ఎలా అయింది?

ఇక గ్రైండర్. వద్దన్నది నేను. ఎడారిలో జూన్ రాత్రి సున్నాకి పోతుందట, పిండి ఎక్కడ పులుస్తుంది? దోశలు లేకుండా మూడు నెలలు ఉండలేనన్నది ఈయన. అవసరమైనవే పెట్టానన్నారు కదా, అవి కూడా రాస్తాను. జనరేటర్, టెలిస్కోపు, దాని స్టాండు, చేపలు పట్టే కర్రలు మూడు (చేపలు మా ఇంట్లో ఎవరం తినం), రెండో ఫ్రిజ్.

తూకంరాయి గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. ప్లేటు మీద జీవీఎం తగ్గించుకోవచ్చా? 4.5 లోపు ఉంటే నా కారు లైసెన్స్‌తో నేనూ నడపొచ్చా?

తూకంరాయి
అమ్మా, వచ్చు. ఇంజనీరు సర్టిఫికెట్ తీసుకుని రిజిస్ట్రేషన్‌లో 4,490కి మార్పించుకున్నవాళ్లు ఉన్నారు. కానీ ఆ తర్వాత ఒక్క కిలో కూడా దాటకూడదు. ఖాళీ బస్సే దాదాపు నాలుగు టన్నులు ఉంటుంది. మిగిలేది ఐదొందల లోపే. అందులో మీరిద్దరు, డీజిల్, నీళ్లు పోను ఎంత? ట్రాక్ సామాను పట్టదు.

దుమ్ముదారి
అదే నేనూ చెప్పేది. తగ్గిస్తే ట్రాక్ మీదికి వెళ్లలేం. ట్రాక్ కోసమే కదా బస్సు కొన్నది.

దుమ్ముదారి_ఇల్లు
మీరు కొన్నది ట్రాక్ కోసం. నాకు చెప్పింది ఉలురు చూద్దామని.

కొత్తగా_దిగాను
ఒకే ఇంట్లో కూర్చుని ఇక్కడ టైప్ చేసుకుంటున్నారా ఆంటీ?

దుమ్ముదారి_ఇల్లు
ఆయన బస్సులో ఉన్నారు నాయనా. నేను ఇంట్లో ఉన్నాను.

పాతకోస్టర్
అక్కా, బస్సు బరువు ఎందుకు తగ్గించడం? మీరూ లైట్ రిజిడ్ తీసుకోండి. కారు నడిపేవాళ్లకి అదేం బ్రహ్మవిద్య కాదు. అప్పుడు ట్రాకూ ఉంటుంది, తాళమూ ఉంటుంది. ఇన్నాళ్లూ ఇది నాకు తట్టలేదు, నిజం చెప్తున్నా. మా ఇంట్లో కూడా నేనొక్కడినే నడిపాను. రాత్రి మా ఆవిడని అడిగాను, ఎందుకు మాట్లాడలేదని. నాలుగుసార్లు నెమ్మదిగా పో అంటే వినలేదట. నాకు గుర్తే లేదు.

ఆలిస్_నర్సు
పోనీలెండి, ఇప్పటికైనా అడిగారు.

దుమ్ముదారి
పరీక్ష నేను రెండోసారికి పాసయ్యాను. అంత తేలిక కాదు.

దుమ్ముదారి_ఇల్లు
కారుకి కూడా మీరు రెండోసారే. నేను మొదటిసారే.

వచ్చే మంగళవారం లైట్ రిజిడ్ క్లాసు బుక్ చేశాను. ఇవాళ పొద్దున బస్సు తూకానికి కూడా తీసుకెళ్లాం. ఇద్దరం, ట్యాంకు నిండా డీజిల్, పొద్దున బస్సులో ఉన్న సామానంతా కలిపి 4,560. చీటీ ఫ్రిజ్ మీద అంటించాను. గ్రైండర్ మా చెల్లెలింటికి వెళ్లింది. టెలిస్కోపు గురించి ఇంకా మాట్లాడుతున్నాం.

తూకంరాయి
నీళ్ల ట్యాంకు నిండా ఉందా, ఖాళీనా?

దుమ్ముదారి_ఇల్లు
చూడలేదండీ.

తూకంరాయి
మళ్లీ వేయించండి.