పర్లాకిమిడి నుంచి దక్షిణాకాశం: 130 మి.మీ. టెలిస్కోపుకి ఏవి అందుతాయి?

నమస్కారమండీ. మాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి, అక్షాంశం సుమారు 18.8 డిగ్రీలు. నా దగ్గరున్నది 130 మి.మీ. న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే టెలిస్కోపు), ఫోకల్ లెంగ్త్ 650 మి.మీ. 25 మి.మీ. ఐపీస్‌తో (కన్ను పెట్టి చూసే కటకం) 26 రెట్లు వస్తుంది.

వృశ్చికం తోక దగ్గరి ఎం6, ఎం7 నక్షత్ర గుచ్ఛాలు సులువుగానే దొరికాయి. ఈ వేసవిలో ఇంకా కిందికి దిగాలని ఉంది. ఒమెగా సెంటారీ అనే గోళాకార నక్షత్ర గుచ్ఛం చిత్త నక్షత్రానికి దాదాపు నిట్టనిలువుగా 36 డిగ్రీల కింద ఉంటుంది కాబట్టి వెతకడం కష్టం కాదు, మాకు 24 డిగ్రీల దాకా లేస్తుంది. విడివిడి చుక్కలు కనిపించాలంటే ఎన్ని రెట్లు పెట్టాలి?

అసలు బెంగంతా కెరీనా నెబ్యులా (మెరిసే వాయుమేఘం) మీదే. అది 12 డిగ్రీలు కూడా లేవదు, పైగా సరిగ్గా దక్షిణానే పాతపట్నం దీపాలు. మేడ మీంచి చూడటం దండగేనా? యూహెచ్‌సీ ఫిల్టర్ (దీపాల వెలుగును తగ్గించి నెబ్యులాను తేటగా చూపేది) కొనేకన్నా ఆ డబ్బుతో చీకటి కోసం మహేంద్రగిరి కొండ వైపు పోవడం నయమనిపిస్తోంది (ఇంట్లోవాళ్లు రెండూ వద్దంటున్నారు, అది వేరే సంగతి).

సెంటారస్ ఎ గెలాక్సీలో నల్లపట్టీని ఇంత చిన్న అద్దంతో పట్టినవాళ్లున్నారా? శ్రీకాకుళం, రాయగడ, సిరోంచ వైపు నుంచి చూసినవాళ్లు చెబితే మరీ మంచిది. మా అక్షాంశాలు దగ్గరదగ్గరే కదా.