ఉస్మానియా దవాఖాన పాత బిల్డింగు: మీకు ఏం యాదికుంది?

మూసీ_గట్టు:
అఫ్జల్‌గంజ్‌ల బస్సు దిగినప్పుడల్లా కండ్లు ఆ గుంబజ్‌ల మీదికే పోతయి. 2020 జులై నుంచి లోపలికి ఎవర్నీ పోనిస్తలేరు. 1994ల మా నాయినకు కాలు ఇరిగితే పదకొండు రోజులు అండ్లనే ఉన్నం. ఆ కప్పు ఎత్తు చూసుకుంటనే పండుకునేటోన్ని. ఎండకాలంల గూడ గోడకు ఒరిగితే సల్లగుండేది. 1908 వరదల మునిగింది ఈ బిల్డింగేనా? తెలిసినోళ్లు జెర రాయుండ్రి.

పాత_హౌస్‌సర్జన్:
ఇది కాదండీ. 1908 సెప్టెంబరు 28న మూసీ మింగేసింది దీనికి ముందున్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని. దాన్ని 1866లో నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ హయాంలో కట్టారు. వరద తర్వాత ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కట్టించింది మీరు చూస్తున్నది. డ్రాయింగులు విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టువి. నదికి అవతలి ఒడ్డునున్న హైకోర్టూ, అలాగే కాచిగూడ స్టేషనూ ఆయన గీసినవే అంటారు. 1925 నాటికి పూర్తయింది, అంటే వందేళ్లు నిండాయి.

కొట్టుకుపోయిన ఆ పాత ఆసుపత్రి గురించి ఎవరూ మాట్లాడరు కానీ, అసలు కథ అక్కడే ఉంది. ఎడ్వర్డ్ లారీ అని రెసిడెన్సీ (నిజాం రాజ్యంలో బ్రిటిష్ ప్రతినిధి కార్యాలయం) సర్జన్, హైదరాబాద్ మెడికల్ స్కూలు ప్రిన్సిపాల్. ఆపరేషన్‌కు మత్తు కోసం క్లోరోఫాం ఇస్తే ముందు ఆగేది ఊపిరేగానీ గుండె కాదు, కాబట్టి నాడి పట్టుకుని కూర్చోకుండా శ్వాసను కనిపెట్టుకుని ఉండండి అని ఆయన వాదం. తేల్చడానికి 1888లో ఒకటి, 1889లో ఇంకొకటి కమిషన్లు వేశారు. ఖర్చు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పెట్టుకున్నారు. రెండోదానికి లండన్ నుంచి మందుల పరిశోధనలో పేరున్న డాక్టరు లాడర్ బ్రంటన్ అంతటివాడు ఓడెక్కి వచ్చాడు. కమిషన్లు లారీ మాటే నిజమన్నాయి. తర్వాతి పరిశోధనల్లో తేలిందేమిటంటే, క్లోరోఫాం గుండెను నేరుగానే ఆపగలదు! ఆయన ఓడిపోయినా, ఊపిరి మీద కన్ను తియ్యొద్దన్న మాట మాత్రం ఈరోజుకీ ఏ మత్తు డాక్టరూ కాదనడు. ఆ స్కూల్లోనే చదివిన రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరు అంటారు.

కోఠి_చాయ్:
సార్, ఇంత సంగతి ఉందని తెల్వదు. నేను రోజూ ఆ గోడ పక్కనుంచే పోత.

సున్నం_మేస్త్రీ:
పాత కట్టడాల రిపేరు మా ఇంటి పని, నాకు తెలిసినంత చెప్తా. డంగు సున్నంతో కట్టిన గోడ తడిని పీల్చుకుని మళ్లీ బయటికి వదుల్తుంది. దాని మీద సిమెంటు పూశారంటే తడి లోపలే ఉండిపోయి, పెచ్చులు ఊడతాయి. పైకప్పు మీద రావి మొలక కనిపించగానే వేరుతో సహా తీసేయాలి. పైపైన కోసి వదిలేస్తే మళ్లీ పెరిగి గోడ చీలుతుంది. బిల్డింగు ముసలిదై పోదు, నీళ్ల గొట్టం కారుతుంటే ఎవరూ పట్టించుకోక పోతుంది. 2015లో కూల్చేసి టవర్లు కడతామని సర్కారు అన్నప్పుడు పాత కట్టడాలను కాపాడే సంస్థ ఇంటాక్ వాళ్లు పరీక్ష చేసి, బాగుచేయొచ్చనే చెప్పారు.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
మీరంతా గుంబజ్‌ల గురించి మాట్లాడుతున్నారు. 2020 జులైలో వార్డుల్లోకి వాన నీళ్లు, మురుగు వచ్చిన వీడియోలు మర్చిపోయారా? మంచం కింద నీళ్లు, మంచం మీద పేషెంటు. ఆ తర్వాతే కదా ఖాళీ చేయించి సీల్ వేశారు. నేను వేరే సర్కారు ఆసుపత్రిలో చేస్తాను, పేరు వద్దు. మా దగ్గర హెరిటేజీ లేదు, గొడవా లేదు, అయినా కప్పు కారుతూనే ఉంటుంది. పేషెంటుకు కావాల్సింది ఆక్సిజన్ పాయింటు, లిఫ్టు, శుభ్రమైన బాత్రూము.

సున్నం_మేస్త్రీ:
సిస్టర్ గారూ, మీరన్నది కరెక్టే. అందుకే అంటున్నా, అందులో ఆసుపత్రే నడపాలని పట్టుబట్టక్కర్లేదు. కానీ కూల్చడం ఎందుకు?

మూసీ_గట్టు:
ఇప్పుడు ఆ లొల్లి కొంచెం తగ్గింది. కొత్త దవాఖానకు గోషామహల్‌ల 2025 జనవరి 31న శంకుస్థాపన చేసిండ్రు. 26 ఎకరాలు, 2000 పడకలు అన్నరు. పాతది అట్లనే ఉంచుతమన్నరు. తాళం ఏసి ఉంచుడు గూడ ఉంచుడేనా అన్నదే నా అనుమానం. మేస్త్రీ సాబ్ చెప్పిన రావి మొలకలు శంకుస్థాపన కోసం ఆగుతయా!

డల్లాస్_తెలుగు:
మాది ఒకప్పుడు పురానాపూల్. వరదప్పుడు దవాఖానలో చింతచెట్టెక్కి జనం బతికారని మా నానమ్మ చెప్పేది. చిన్నప్పుడు కథే అనుకున్నాను. ఆ చెట్టు నిజంగా ఉందా?

పాత_హౌస్‌సర్జన్:
కథ కాదు. 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. అదే వరదలో ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకుని ఒక్కడే మిగిలాడు. చెట్టు ఇంకా ఆసుపత్రి ఆవరణలోనే ఉంది.

కోఠి_చాయ్:
అన్నా, ఏటా సెప్టెంబరు 28న కొందరు ఆ చెట్టు కింద జమై వరదల పోయినోళ్లను యాది చేసుకుంటరు. మామూలు రోజుల్ల గూడ గేటు కాడ చింతచెట్టు ఏడుందని అడుగు, ఎవరన్న చూపిస్తరు. ఈ ఆదివారం నేను పోయి ఫొటో పెడత, మీ నానమ్మ పేరు చెప్పుకొని.