పంచ్ తడుతుంది, కానీ టాపిక్ మారిపోయాక! అప్పటికప్పుడు నవ్వించడం ఎలా?

లేటుపంచ్: తెలిసిన జోకు చెప్పమంటే బాగానే చెప్తాను. మామూలు కబుర్లలోనే ఇబ్బంది. మంచి మాట తట్టేసరికి వాళ్లు వేరే విషయంలోకి వెళ్లిపోతారు. ఇది సాధనతో వస్తుందా, పుట్టుకతో రావాల్సిందేనా?

మాటకారి: సాధనతో చాలావరకు వస్తుందండి. ముందు టైమింగ్ సంగతి చూడండి. ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి పట్టే సమయం సగటున సెకనులో ఐదో వంతు. పది భాషల మీద చేసిన అధ్యయనం 2009లో ఈ లెక్క తేల్చింది. ఆ కాస్త సందులో కొత్త జోకు కట్టడం ఎవరివల్లా కాదు. కాబట్టి వెతకడం మానేసి, అవతలివాళ్ల ఆఖరి వాక్యంలోంచే ఒక మాట పట్టుకోండి. దాన్ని ఉన్నదున్నట్టు తీసుకోవడం అన్నిటికంటే తేలిక.

"ఐదు నిమిషాల్లో వస్తానన్నాడు."
"ఏ రోజు ఐదు నిమిషాలో చెప్పాడా?"

ఇక్కడ కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, "ఐదు నిమిషాలు" వాళ్లిచ్చిందే. నా వంతు ఎప్పుడొస్తుందా అని కాచుకు కూర్చుంటే ఈ మాట చెవిన పడదు. చాలామందికి ఆలస్యమయ్యేది అందుకే.

చివరిమాట: పై సమాధానానికి చిన్న చేర్పు. తట్టిన మాట మంచిదైనా వాక్యంలో దాని చోటు తప్పితే పేలదు. మన వాక్యం మామూలుగా క్రియతో ముగుస్తుంది కదా, చమక్కు మధ్యలో పడి నలిగిపోతుంది.

"ఇంకో మీటింగ్ పెట్టుకోవాలని రెండు గంటల మీటింగ్‌లో తేల్చారు." ఇది సమాచారం.
"రెండు గంటల మీటింగ్‌లో తేలింది ఒక్కటే, ఇంకో మీటింగ్." ఇది పేలుతుంది.

నవ్వొచ్చే మాట ఆఖరున పెట్టి నోరు మూసేయాలి. "అంటే నా ఉద్దేశం ఏంటంటే..." అని తోక తగిలించారో, పోయినట్టే. "ఒక జోకు చెప్పనా" అని ముందే చాటింపు వేయడం ఇంకా ఘోరం.

నిదానం: నాది కాస్త వేరే మాట. ప్రతిసారీ పేలాలన్న పట్టుదలే మనిషిని బిగదీస్తుంది. రాబర్ట్ ప్రొవైన్ అనే పరిశోధకుడు మామూలు కబుర్లలోని 1200 నవ్వుల సందర్భాలు చూస్తే, నవ్వుకు ముందు అన్న మాటల్లో కాస్తయినా హాస్యం ఉన్నవి 20 శాతం లోపే. మిగతావన్నీ "సరే, మళ్లీ కలుద్దాం" లాంటివి. జనం నవ్వేది ఎక్కువగా చనువుతో. అందుకే చిన్న మాట చాలు, సరదాగా అంటే చాలు.

తగలకూడని చోట్లు మాత్రం గుర్తుంచుకోండి: రూపం, జీతం, పెళ్లి, పిల్లలు. వస్తువుల మీద, పరిస్థితి మీద, మీమీద మీరు వేసుకోవచ్చు. అయితే మీమీద వరసగా వేసుకుంటూ పోతే వాళ్లు నవ్వడం మాని ఓదార్చడం మొదలెడతారు. పేలకపోతే వివరించకండి, రెట్టించకండి. అవతలివాళ్లను ఏదైనా అడిగేయండి, కబుర్లు వాటంతటవే సాగిపోతాయి.

లేటుపంచ్: ధన్యవాదాలు. మరి ఆలస్యంగా తట్టినదాన్ని వదిలేయాల్సిందేనా?

మాటకారి: అక్కర్లేదు, దాచుకోండి. అదే కూర్చోవడంలో ఆ విషయానికి దగ్గరి మాట మళ్లీ వస్తుంది, అప్పుడు వదలండి. పై ఉదాహరణే తీసుకుంటే, కాసేపయ్యాక ఎవరో "రెండు నిమిషాలు ఆగు" అంటారు. "ఇవి కూడా వాడి నిమిషాలేనా?" అనండి. పాత మాట మళ్లీ తగిలినందుకు మొదటిసారికంటే ఎక్కువ నవ్వుతారు. కాకపోతే మొదట ఆ మాట జరిగినప్పుడు అందరూ అక్కడే ఉండాలి, లేకపోతే మధ్యలో వచ్చినవాళ్లకు కథంతా చెప్పుకోవాల్సి వస్తుంది. ఒకే కూర్చోవడంలో రెండుసార్లు దాటితే విసుగు.