శ్రీకాకుళం వాళ్ల సెమీ క్రిస్మస్, డిసెంబరు 12 శుక్రవారం: పనులు ఇక్కడే రాయండి

అందరికీ వందనాలు. కువైట్‌లో హాలు సాయంత్రం 5 నుంచి 9 దాకా మనది. క్యాంపు బస్సు తొమ్మిదింబావుకి కదిలిపోతుంది, అందుకని వాక్యం ఇరవై నిమిషాలే అని పాస్టరుగారికి ముందే చెప్పేశాను. రెండు నెలలుగా జీతం అందని తమ్ముళ్లని చందా అడగొద్దు. "ఈ ఏడు మానేద్దాం" అని ఇద్దరు ముగ్గురు అన్నారు. నేనైతే మానొద్దంటాను.

వంట: అరవై మందికి బిరియానీ అంటే డబ్బు చాలదన్నా. పులిహోర, కోడికూర, సేమ్యా పాయసం చేసేద్దుం. చింతపండు మా రూంలో ఉంది. ఇంటికాడ నుంచి వచ్చేవాళ్లు ఎవరైనా పలాస జీడిపప్పు ఓ కిలో పట్టుకురండి.

అలంకరణ: కొవ్వొత్తులు మూడు ఊదా, ఒకటి గులాబీ అన్నారు. గులాబీ ఎందుకన్నా? బజార్లో దొరకట్లేదు. మా బాప్టిస్టు సంఘంలో ఇవెప్పుడూ చూడనేదు.

మళ్లీ నేనే: కేథలిక్కుల గుళ్లలో చూస్తాం తమ్ముడూ. క్రిస్మస్‌కి ముందొచ్చే ఆగమన కాలం నాలుగు ఆదివారాలు, ఆదివారానికో కొవ్వొత్తి. ఊదా పశ్చాత్తాపానికి, ఎదురుచూపుకి. మూడోది, ఈసారి 14న, ఆనంద ఆదివారం, దానికే గులాబీ. ఆ రోజు మనకి డ్యూటీ కదా, అందుకే రెండ్రోజులు ముందు వెలిగించేస్తున్నాం. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అని ఫిలిప్పీయులకి పౌలు రాసిన మాట మీదే ఆ పేరు. రాసేనాటికి ఆయన సంకెళ్లలో ఉన్నాడు.

మానేద్దాం అన్నవాళ్లకి ఒక మాట. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చి ఉద్దానం కొబ్బరిని పడుకోబెట్టేసింది. మేం ఏటా నక్షత్రం కట్టే చెట్టు కూడా పోయింది. ఆ డిసెంబరులో నాన్న కూలిన మానుల మధ్య వెదురుబొంగు పాతాడు. రంగుకాయితం బదులు అమ్మ పాత గులాబీరంగు చీరముక్క అంటించింది. పక్కింటి గుంటలు దాని కింద రాత్రిదాకా ఒకటే ఆట. నాన్న అరుగు మీద అప్పుల లెక్క వేస్తూనే మధ్యలో వాళ్లతో పాటందుకునేవాడు. అప్పుడు వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే గెలలేస్తున్నాయి.

అలంకరణ: సర్లే అన్నా. తెల్ల కొవ్వొత్తికి గులాబీ రిబ్బను చుట్టేద్దుం.

ఒక అక్క: అమ్మ పోయి నెల కాలేదు. లీవివ్వలేదు, కడచూపుకి ఎళ్లలేకపోయాను. ఈసారి పాటల్లో నిలబడలేను. వంటకొస్తాను.

నేను: రా అక్కా. ఆ గులాబీ కొవ్వొత్తి నువ్వు వెలిగిస్తావా? నీకు మనసైతేనే.

అక్క: చూద్దుం. ఉల్లిపాయలు ఎన్ని కేజీలు కొయ్యాలి?

వంట: ఆరు.